మాట పోయినవాళ్ల అర్జీ

పక్షవాతం వచ్చిన ఇంటికి పలకరింపుకి వెళ్తే ముందుగా వినిపించేది కాలూ చెయ్యీ సంగతే. "అప్పటికంటే నయం, కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తున్నాడు" అంటారు. "చెయ్యి భుజం దాకా లేస్తోంది, వేళ్లే ఇంకా పట్టివ్వడం లేదు" అంటారు. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వారానికి ఎన్నిసార్లు వస్తున్నాడో, ఏ నూనె రాస్తున్నారో, ఎక్కడికి తీసుకెళ్లి పసరు మందు పోయించారో అన్నీ చెబుతారు. కాసేపయ్యాక గొంతు తగ్గించి ఒక మాట కలుపుతారు: "మాటొక్కటే రాలేదు. ఇక రాదంట."

ఎవరన్నారు రాదని? అడిగితే సరిగ్గా చెప్పలేరు. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్లన్నారు, ఊళ్లో ఇలాగే పడిపోయిన ఇంకొకాయనకి రాలేదు, ఆరు నెలలు దాటితే ఇంతేనట. కాలు కోసం పది ఊళ్లు తిరిగిన కుటుంబం మాట విషయంలో ఒక్క ఊరు కూడా తిరగకుండానే ఆశ వదులుకుంటుంది. తిరగడానికి ఆ ఊరేదో తెలియకపోవడం ఒక కారణం. దగ్గర్లో అలాంటి ఊరు నిజంగానే లేకపోవడం ఇంకో కారణం.

మెదడుకు రక్తం అందకనో, నరం చిట్లిపోయో పక్షవాతం వచ్చినవాళ్లలో తొలి రోజుల్లో సుమారు మూడోవంతు మందికి భాష దెబ్బతింటుంది. డాక్టర్లు దాన్ని అఫేసియా అంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో నాలుగోవంతుకి, మగవాళ్లలో 30 శాతానికి అటూఇటూగా రక్తపోటు ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కలు చెబుతున్నాయి. బీపీ మాత్ర రెండు నెలలు వేసుకుని, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ లెక్కన ఇది అరుదైన జబ్బేమీ కాదు. ఏ పెద్ద ఊళ్లో అడిగినా ఫలానా ఇంట్లో ఒకరున్నారని చెబుతారు. తాగునీరు రాకపోతే ఖాళీ బిందెలతో రోడ్డెక్కుతారు, పింఛను ఆగితే సోమవారం ప్రజావాణికి వెళ్లి కలెక్టర్ ముందు నిలబడతారు. ఈ కష్టం ఉన్నవాళ్లకి ఆ దారి లేదు. కష్టం చెప్పుకోవడానికి కావలసినదే వాళ్ల దగ్గర లేదు. ఇన్నేళ్లుగా ఇది ఊరి కష్టాల జాబితాకే ఎక్కకపోవడానికి నాకు కనిపిస్తున్న మొదటి కారణం అదే.

మాట పడిపోయిందంటే నాలుక పడిపోయిందనే చాలామంది అనుకుంటారు. చిన్నపిల్లలకు మాటలు తొందరగా రావాలని నాకించే వసకొమ్మునే అరగదీసి పెద్దాయన నాలుక మీద రాస్తారు. నాలుక, పెదవులు, గొంతు కండరాలు బలహీనపడి మాట ముద్దగా రావడమూ ఉంది. దాని పేరు డైసార్థ్రియా. ఆ మనిషికి చెప్పాల్సిన వాక్యం లోపల సిద్ధంగా ఉంటుంది. నోటితో స్పష్టంగా రాకపోయినా రాసి చూపించగలడు. అఫేసియాలో దెబ్బ తినేది నోరు కాదు, ఆ వాక్యం తయారయ్యే చోటు. అందుకే మాటతో పాటు రాతా పోతుంది, చదవడమూ పోతుంది, ఎదుటివాళ్లు చెప్పేది అర్థం చేసుకోవడం కూడా ఎంతో కొంత తగ్గుతుంది.

ఇది తెలియక ఇంట్లోవాళ్లు పలకా బలపం తెచ్చి చేతికిస్తారు. "మాట రాకపోతే పోయింది, రాసి చూపించు నాయనా" అంటారు. కుడిచెయ్యి పడిపోయి ఉంటుంది కాబట్టి ఎడమచేతికి ఇస్తారు. ఆయన ఒక గీత గీస్తాడు, ఒక సున్నా చుడతాడు, తన పేరులో మొదటి అక్షరం వంకరగా దింపి ఆగిపోతాడు. ముప్పై ఏళ్లు కౌలు లెక్కలు రాసిన మనిషి పలక మీద రెండో అక్షరం దగ్గర ఆగిపోయేసరికి "మతి కూడా పోయినట్టుంది" అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. ఆ రోజు నుంచి ఆయన్ని ఏదీ అడగడం మానేస్తారు. నిజానికి ఆయనకు మనుషులు తెలుసు, పొలం గట్లు తెలుసు, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో తెలుసు, కూతురు ఎందుకు ఏడుస్తోందో తెలుసు. తెలిసినదాన్ని మాటగానో అక్షరంగానో మార్చే పని మాత్రం జరగడం లేదు.

కుడిచెయ్యీ మాటా చాలామందిలో కలిసే పోవడానికి కారణం ఉంది. మెదడు ఎడమ సగం శరీరం కుడివైపును నడిపిస్తుంది. కుడిచేతివాటం ఉన్న వందమందిలో సుమారు 95 మందికి భాష పనీ ఆ ఎడమ సగంలోనే ఎక్కువగా సాగుతుంది. ఎడమచేతివాటం వాళ్లలోనూ వందకు 70 మంది దాకా అంతే. ఎడమవైపు మధ్య ధమని ఒకటి ఈ రెండు పనుల ప్రాంతాలకీ రక్తం అందిస్తుంది. అది మూసుకుపోతే రెండూ ఒకేసారి దెబ్బతింటాయి.

భాష ఎడమ సగంలో సాగుతుందన్న సంగతి ప్రపంచానికి తెలియడం వెనక ఒక చేతిపనివాడున్నాడు. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే ఆయన 21 ఏళ్లు ఉన్నాడు. చెప్పులు కుట్టేవాళ్లకు అచ్చులు చేసే పని ఆయనది. ముప్పై ఏళ్ల వయసులో మాట పోయింది. ఏమడిగినా "తాన్, తాన్" అనేవాడు, ఆసుపత్రిలో ఆయనకు అదే పేరైపోయింది. అడిగింది చాలావరకు అర్థమయ్యేది. ఎన్నేళ్లుగా ఇక్కడున్నావంటే ఎడమచేతి వేళ్లతో లెక్క చూపించేవాడు. తను చెప్పేది అవతలివాళ్లకి అర్థం కాకపోతే మండిపడి ఒక తిట్టు మాత్రం స్పష్టంగా తిట్టేవాడు. 1861 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాక పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు మెదడు తీసి చూస్తే, ఎడమ కణత వెనకాల ముందుభాగంలో దెబ్బ కనిపించింది. ఆ చోటుకే ఇప్పుడు బ్రోకా ప్రాంతమని పేరు. 1874లో కార్ల్ వెర్నికె అనే 26 ఏళ్ల జర్మన్ డాక్టర్ ఇంకో రకం రోగుల్ని వివరించాడు. వాళ్లు గడగడా మాట్లాడతారు, కానీ ఆ మాటలకు అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ బోధపడదు. వాళ్లలో దెబ్బ ఎడమ చెవికి పైన, కాస్త వెనకగా ఉంది.

అలాగని మెదడులో మాటకొక గది, అర్థానికొక గది ఉన్నాయని కాదు. లెబోర్న్ మెదడును పారిస్‌లో భద్రపరిచారు. ఎంఆర్ఐ యంత్రాలు వచ్చాక దాన్ని మళ్లీ పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. బ్రోకా పైనుంచి చూసినదానికంటే దెబ్బ చాలా లోతుకు వెళ్లిందని, ముందువెనకల భాగాల్ని కలిపే తంతువులు కూడా తెగిపోయాయని తేలింది. కాలువకు ఎగువ తూము దగ్గర గండి పడినా చివరి మడి ఎండిపోతుంది. ఎండిన చోటే గండి ఉండాలని లేదు. భాష కూడా అలా చాలా చోట్లను కలుపుకుని పారే పని.

ఒక చెంబు బొమ్మ చూపించి "ఇదేమిటి?" అని అడిగినప్పుడు ఏం జరుగుతుందో పరిశోధకులు మిల్లీ సెకన్లలో కొలిచారు. కళ్లు చూసిన ఆకారం ఫలానా వస్తువని మెదడు పోల్చుకోవడానికి సెకనులో అయిదోవంతు కూడా పట్టదు. తర్వాత గిన్నె, గ్లాసు, బిందె, చెంబు అన్నీ పోటీకొస్తాయి. వాటిలో ఒకటి నెగ్గుతుంది. అప్పుడు ఆ పేరులోని ధ్వనులు వరసలో కూడాలి. ఆ వరస పెదవులకి, నాలుకకి కదలికలుగా మారాలి. మొత్తం మీద సుమారు ఆరువందల మిల్లీ సెకన్లలో "చెంబు" అనే మాట బయటికొస్తుంది. అఫేసియాలో ఈ దారిలో ఎక్కడైనా పని ఆగిపోవచ్చు. పోటీ దగ్గర తప్పితే చెంబుని "గ్లాసు" అంటాడు. ధ్వనుల వరస దగ్గర తప్పితే "తలుపు" కాస్తా "తపులు" అవుతుంది. కొందరికి వస్తువు తెలుసు, దేనికి వాడతారో చేత్తో చూపిస్తారు, పేరు మాత్రం ఎంతసేపటికీ దొరకదు. ఇంకొందరు అన్నీ మాట్లాడగలరు, అర్థం చేసుకోగలరు, మనం చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పమంటే చెప్పలేరు. ఒక్కో మనిషిదీ ఒక్కో తీరు కాబట్టే అందరికీ ఒకటే మందు, ఒకటే కసరత్తు అన్నది ఇక్కడ కుదరదు.

తెలుగులో ఇది కనిపించే తీరు కూడా వేరు. బ్రోకా తరహా రోగి ముఖ్యమైన మాటల్ని మాత్రం ఏరి పెడతాడు: "పొలం... నీళ్లు... పెద్దోడు... మోటారు..." పెద్దకొడుకు మోటారు వేశాడా, పొలానికి నీళ్లు పారాయా అని ఆయన అడుగుతున్నది. కు, లో, తో, కోసం లాంటివి రాలిపోతాయి లేదా ఒకదాని బదులు ఇంకొకటి వస్తుంది. మన క్రియకి చివర ఏదో ఒక ప్రత్యయం లేకుండా గతి లేదు: వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది. ఇంగ్లీషులోలాగా దాన్ని వదిలేసి మాట్లాడటం కుదరదు కాబట్టి నోటికి ఏది అందితే అది తగిలిస్తారు. కొడుకుని చూపించి "వచ్చింది" అంటే మనవలు నవ్వుతారు. అల్లుణ్ణి "నువ్వు" అని పిలిస్తే మర్యాద తెలియడం లేదంటారు. అది మర్యాద తప్పడం కాదు, ఆ మనిషి ఎంచుకున్నదీ కాదు.

వెర్నికె తరహా వాళ్లకి జరిగే అన్యాయం ఇంకా పెద్దది. వాళ్లలో చాలామందికి కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి, ఎందుకంటే దెబ్బతిన్నది కదలికల్ని నడిపే చోటికి దూరంగా, వెనకభాగంలో. రాత్రి మామూలుగా పడుకున్న అమ్మ తెల్లారి లేచి గలగలా మాట్లాడుతుంది. రాగం తెలుగుదే, విరుపులు తెలుగువే, అందులో సగం మాటలు ఏ భాషవీ కావు. "కాఫీ తాగుతావా అత్తమ్మా?" అంటే సంబంధం లేని పెద్ద ప్రసంగం మొదలుపెడుతుంది. తను తప్పు మాట్లాడుతున్నట్టు తనకే తెలియదు. ఎవరూ జవాబు సరిగ్గా ఇవ్వకపోతే కోపం. పక్షవాతమంటే మూతి వంకరపోవడం, కాలు ఈడ్చడం అని మాత్రమే తెలిసినవాళ్లకి ఇది పక్షవాతమని తట్టదు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీయిస్తారు, పిచ్చి ముదిరిందని మానసిక వైద్యశాలకి తీసుకెళ్తారు. స్కాన్ తీయించేసరికి రోజులు గడిచిపోతాయి.

ఆ రోజులు మామూలు రోజులు కావు. రక్తనాళం మూసుకుపోయిన పెద్ద పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాలి, అదీ సీటీ స్కాన్‌లో నరం చిట్లలేదని తేలాకే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. పాము కరిస్తే, రోడ్డు ప్రమాదమైతే ఫోన్ చేయాలని అందరికీ తెలుసు. మాట తడబడితే మాత్రం "బలహీనత, సెలైన్ పెట్టిద్దాం" అనో, "తెల్లారనీ చూద్దాం" అనో ఆగుతారు. పావురం నెత్తురు పట్టించడానికి పావురం కోసం వెతికే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉన్నట్టుండి మాట తప్పుగా రావడం, చెప్పింది అర్థం కాకపోవడం, కాలూ చెయ్యీ బాగున్నా సరే, అంబులెన్స్ పిలవాల్సిన సంగతే. ఒక్క ఈ విషయం ఊరూరా తెలిసినా కొందరి మాట నిలుస్తుంది.

ఇంట్లో తలెత్తే ఇంకో అపార్థం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఒక్క వాక్యం కూడబలుక్కోలేని మనిషి పొద్దున్నే "గోవిందా గోవిందా" అని స్పష్టంగా అంటాడు. ఒకటి రెండు మూడు అని పది దాకా లెక్కపెడతాడు. సోమవారం అని అందిస్తే ఆదివారం దాకా వెళ్లిపోతాడు. పాత సినిమా పాటకి గొంతు కలుపుతాడు. కోపమొస్తే లెబోర్న్ లాగానే ఒక బూతు మాట పొల్లుపోకుండా వస్తుంది. "చూశావా, తిట్టడానికి వస్తుంది, మనతో మాట్లాడటానికి రాదు" అని భార్య నొచ్చుకుంటుంది. కావాలనే చేస్తున్నాడని పిల్లలు అనుకుంటారు. అలవాటుగా, వరసగా, రాగంతో వచ్చే మాటలకి మెదడు కుడి సగం కూడా తోడ్పడుతుంది. అప్పటికప్పుడు కొత్త వాక్యం కట్టడం వేరే పని. మాట రాని మనిషి ప్రార్థనా గీతాలు పాడటాన్ని స్వీడన్‌లో 1745లోనే ఒకరు రాసిపెట్టారు. 1973లో అమెరికా వైద్యులు దీన్ని ఆధారం చేసుకుని చికిత్సే తయారుచేశారు. "నీళ్లు కావాలి" లాంటి చిన్న మాటల్ని రాగం తీస్తూ, ఎడమచేత్తో తాళం వేస్తూ అనిపించి, క్రమంగా రాగం తగ్గిస్తూ మామూలు మాటలోకి దింపుతారు. అందరికీ పనిచేయదు, అర్థం చేసుకునే శక్తి మిగిలి మాట రానివాళ్లలో కొందరికి పనిచేస్తుంది. భజన గుడి లేని ఊరు, జానపదం రాని గొంతు తక్కువగా ఉండే మన దగ్గర ఈ పద్ధతికి కావలసిన ముడిసరుకు కొల్లలుగా ఉంది. నేర్పేవాళ్లే లేరు.

అవును, కాదు అనేవి తారుమారు కావడం మరో చిక్కు. తల అడ్డంగా ఊపాలనుకుని నిలువుగా ఊపుతారు. అన్నం చాలా అంటే అవునని, ఇంకా కావాలా అన్నా అవునని. తిండి దగ్గర ఇది చిన్న సంగతి. భూమి పంచుకునే రోజున చిన్నది కాదు. ఎడమచేతి వేలిముద్ర తీసుకుని, "తాతా, నీకిష్టమేగా?" అని అడిగి, తల ఊపాడు కదా అని కాగితాలు ముందుకు నడుస్తాయి. ఆయనకు నిజంగా ఇష్టమో కాదో ఆ తల ఊపులో తేలదు. బ్యాంకులోనేమో దీనికి తలకిందులు. సంతకం పాతదానితో కలవదు, పేరు చెప్పమంటే చెప్పలేడు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అంకెలు చదవలేడు. సొంత డబ్బు సొంత చేత్తో తీసుకోలేక కొడుకు దయ మీదో, మరదలి దయ మీదో బతకాల్సి వస్తుంది. మంచి కొడుకులున్న ఇంట్లో గడిచిపోతుంది. లేని ఇంట్లో ఆయన అడ్డు చెప్పలేడు.

చట్టం ఈ కష్టాన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. చూపు, వినికిడి, కదలిక, మానసిక సమస్యలు, కుష్ఠు నుంచి కోలుకున్నవాళ్లు, అంతే. పక్షవాతం వచ్చినవాడి కాలికీ చేతికీ శాతం కట్టేవారు, పోయిన మాటకి లెక్కే లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి, మాట, భాష వైకల్యాన్ని ప్రత్యేకంగా చేర్చింది. ఆ నిర్వచనంలో అఫేసియా పేరు పెట్టి మరీ రాశారు. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో భాష ఎంత దెబ్బతిన్నదో పరీక్షించి శాతం కట్టే పద్ధతి కూడా చేర్చారు. వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే ఆ తరహా పరీక్షకి తెలుగు రూపం కూడా తయారైంది.

కాగితం మీద ఉన్నది వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు దాకా రావాలి కదా. స్లాట్ బుక్ చేసుకుని, ఆటో మాట్లాడుకుని, పొద్దున్నే జిల్లా ఆసుపత్రి వరండాలో కూర్చున్న కుటుంబానికి ఇలాంటి విభాగం ఒకటుందని తెలియదు. కాలూ చెయ్యీ చూపించి వచ్చేస్తారు. నడవగలుగుతుంటే శాతం తగ్గుతుంది. పింఛన్ల తీరు కూడా ఇలాగే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. మంచాన పడ్డవాళ్లకి అంత ఇవ్వడం సబబే. కానీ నడవగలిగీ, ఒక్క వాక్యం పలకలేక, పనిలోకి ఎవరూ పిలవక ఇంట్లో కూర్చున్న నలభై ఏళ్ల మేస్త్రీ బతుకు ఎంత కుంగిందో ఈ కొలతలో కనిపించదు. ఇటుక పేర్చగలడు, కూలీలకి చెప్పలేడు, యజమాని చెప్పింది పూర్తిగా అందుకోలేడు. ఆ నష్టం కాళ్లలో లేదు.

సరే, చికిత్స సంగతి. మాట తిరిగి రాబట్టే పని చేసేది స్పీచ్ థెరపిస్ట్. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. జర్మనీలో 156 మంది మీద జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాళ్లందరికీ పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటింది. మూడు వారాల పాటు వారానికి పది గంటలకు తగ్గకుండా థెరపీ ఇస్తే రోజువారీ మాట్లాడే శక్తి స్పష్టంగా మెరుగుపడింది. ఊళ్లో చెప్పుకునే ఆరు నెలల గడువుకి ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

వారానికి పది గంటలు. మన పల్లె నుంచి ఆ లెక్క వేసి చూడండి. స్పీచ్ థెరపిస్టులు ఎక్కువగా ఉండేది హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. దేశంలో ఈ చదువుకి పెద్దదిక్కు లాంటి సంస్థ 1965 నుంచి మైసూరులో ఉంది. పల్నాడు నుంచో, గద్వాల నుంచో రోగి ఒక్కడూ రాలేడు, తోడు ఒకరు రావాలి. రెండు బస్సు టికెట్లు, ఒక కూలి పోవడం, ఎండలో ఆటో. వారానికి ఒక్కసారి వచ్చినా గొప్పే. నాలుగుసార్లు వచ్చి మానేసినవాళ్లని నిందించలేం. "మాటకి వైద్యం లేదు" అని ఊళ్లో స్థిరపడిపోయిన నమ్మకం వెనక ఈ బస్సు చార్జీలు కూడా ఉన్నాయి.

ఇంట్లోవాళ్లకే నేర్పించేస్తే సరిపోదా అని అడగవచ్చు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో దాన్ని పరీక్షించి చూశారు. అటెండ్ అనే ఆ పరిశోధన ఫలితాలు కూడా 2017లోనే వచ్చాయి. కుటుంబానికి శిక్షణ ఇచ్చి ఇంటికి పంపితే ఆరు నెలల తర్వాత మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా రాలేదు. అది ప్రత్యేకంగా భాష కోసం చేసింది కాదు. అయినా నాకు దాంట్లో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. అసలే పొలం పని, వంట పని, రోగి పనితో నలిగిపోతున్న ఇంటి ఆడవాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకుంటే కుదరదు. కుటుంబం తోడుగా ఉండాలి, నేర్చిన మనిషి నడిపించాలి.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ బృందం చేసిన పరిశోధన ఇక్కడ చెప్పుకోవాలి. 608 మంది పక్షవాత రోగుల్ని చూస్తే, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకం లాంటి శక్తులు మామూలుగా నిలిచాయి. ఒకే భాష వాళ్లలో అది 19.6 శాతమే. అఫేసియా రావడంలో మాత్రం రెండు గుంపులకీ తేడా పెద్దగా లేదు. తర్వాత 2019లో అదే బృందం ఇంకో సంగతి గమనించింది: అఫేసియా వచ్చాక దాని తీవ్రత ఒకే భాష వాళ్లలో ఎక్కువ. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిపోయే హైదరాబాద్ వీధుల్లో కాబట్టి ఈ పరిశోధన సాధ్యమైంది. కానీ ఒకే భాషతో జీవితమంతా గడిపినవాళ్లు ఎక్కువగా ఉండేది పల్లెల్లో, థెరపిస్టులు ఉండేది పట్నాల్లో. కష్టం ముదిరే చోటు ఒకటి, వైద్యం దొరికే చోటు ఇంకొకటి. ఆదిలాబాద్ గోండి మనిషికీ, సీతంపేట కొండల్లోని సవర మనిషికీ ఇంకో మెట్టు అదనం. ఇంటి భాష ఒకటి, సంత భాష తెలుగు. మిగిలిన మాటలు ఏ భాషలో ఉన్నాయో రెండిట్లోనూ పరీక్షిస్తేనే తెలుస్తుంది. తెలుగులో పలకలేదని మాట మొత్తం పోయిందని రాసేస్తే అది తప్పుడు లెక్క.

థెరపిస్ట్ దొరికేలోగా ఇంట్లో చేయగలిగినవి లేకపోలేదు. టీవీ ఆపి, ఒక్కరే ఎదురుగా కూర్చుని, చిన్న వాక్యాల్లో మాట్లాడాలి. అరవక్కర్లేదు, ఆయనకు చెవుడు రాలేదు. ఒక ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగాలి. మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, ఆయన పెదవి కదిపేలోపు నలుగురం నాలుగు మాటలు అందిస్తాం. "ఏం కావాలి?" అనడం కన్నా మజ్జిగ గ్లాసు, నీళ్ల చెంబు రెండూ చూపించి ఏదని అడగడం మేలు. అవునో కాదో తేలాల్సిన విషయమైతే ప్రశ్న తిప్పి ఇంకోసారి అడిగి చూడాలి. ఇంట్లోవాళ్ల ఫొటోలు, మందుల డబ్బా, గుడి, పొలం, బాత్రూమ్ బొమ్మలు ఒక నోట్‌బుక్‌లో అంటించి మంచం పక్కన పెడితే వేలు పెట్టి చూపించగలరు. చెప్పింది సగమే వచ్చినా వచ్చినదాన్ని తీసుకోవాలి. "పొలం... నీళ్లు..." అన్నప్పుడు "పొలానికి నీళ్లు పారాయా అనా? పారాయి నాన్నా, పొద్దున్నే పెద్దన్న మోటారు వేశాడు" అంటే ఆయన అడిగిన మాటకి జవాబూ దొరుకుతుంది, పూర్తి వాక్యం చెవినా పడుతుంది. పిల్లల ముందు "చెప్పు, చెప్పు, ఇదేంటి?" అని పరీక్షలు పెట్టకూడదు. అంతకంటే అవమానం లేదు.

ప్రభుత్వం వైపు నుంచి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా అక్కడ చూస్తారు. ఆ కేంద్రం సిబ్బందిలో స్పీచ్ థెరపిస్ట్ పోస్టు ఉంది. అదే ఆసుపత్రిలో పక్షవాతం వార్డు నుంచి డిశ్చార్జి అయ్యే యాభై ఏళ్ల మనిషికి మాత్రం ఆ గది తలుపు తెరుచుకోదు. పిల్లల సమయం తగ్గించమని ఎవరూ అనరు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పెద్దల కోసం ఇంకొక థెరపిస్ట్ పోస్టు, డిశ్చార్జి కాగితం మీద "భాష పరీక్షించామా లేదా" అన్న ఒక గడి, సదరం బోర్డు కూర్చున్న రోజున ఆ థెరపిస్ట్ కూడా అక్కడే ఉండాలన్న ఒక ఉత్తర్వు కావాలి. వారానికి పది గంటలు అందరికీ వెంటనే సాధ్యం కాకపోతే, ఆసుపత్రిలో కొన్ని గంటలు, మిగతావి ఫోన్‌లో వీడియో ద్వారా ఇంటి దగ్గర జరిగేలా చూడవచ్చు. ఆశా కార్యకర్త పక్కన కూర్చుంటే ఇంకా మేలు. బీపీ చూడటానికి ఆమె ఎలాగూ ఆ ఇంటికి వెళ్తూనే ఉంది.

ఈ అర్జీ రాయాల్సింది ఆ ఇంటివాళ్లే, లేదా వాళ్ల పక్కింటివాళ్లు. సోమవారం ప్రజావాణిలో గానీ, ఆంధ్రలో కలెక్టరేట్ ఫిర్యాదుల రోజున గానీ ఇచ్చే కాగితంలో పింఛను, ఇల్లు, కరెంటుతో పాటు ఈ వాక్యం కూడా ఉండాలి: మా నాన్నకు పక్షవాతంతో భాష పోయింది, 2016 చట్టం ప్రకారం మాట, భాష వైకల్యం కింద పరీక్ష చేయించండి, మా జిల్లా ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ ఇప్పించండి. డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టు నకలు జత చేసి, రశీదు తీసుకోండి. అర్జీ ఇచ్చేటప్పుడు వీలైతే ఆయన్నీ వెంట తీసుకెళ్లండి, ఆయన మాట్లాడటానికి పట్టే సమయం అధికారులు కూడా చూడాలి.